తల నెరిస్తే చాలదట

ఉదయగిరి దాకా వెళ్ళి కోట ఎక్కకుండా వచ్చిన మనిషి రాస్తున్న కథనం ఇది. కోట గోడల గురించి, కొండ మీది దారుల గురించి చదవాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను ఎక్కువగా చూసింది మందుల షాపుల కౌంటర్లు. వాటి మీద అద్దాలకు అంటించిన కాగితాలు నాకిప్పుడు కంఠతా వచ్చు.

వెళ్ళింది ఇద్దరం. నాకు అరవై రెండు, మా అన్నయ్యకు అరవై ఎనిమిది. మాది చీరాల. అన్నయ్య డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. వదినది ఉదయగిరి పక్కన ఒక పల్లె. ఆ ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లు కూడా మార్చాను. వదిన తమ్ముడు మాలకొండారెడ్డి కొత్త ఇల్లు కట్టాడు. మంగళవారం తెల్లవారుజామున గృహప్రవేశం. పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు కాబట్టి వదిన వారం ముందే వెళ్ళిపోయింది. మేమిద్దరం రెండు రోజులు ముందు బయల్దేరి, దారిలో సోమశిల ప్రాజెక్టు, ఆ తర్వాత ఉదయగిరి కోట చూసుకుంటూ పోదామనుకున్నాం.

ఇంకో సంగతి ఇప్పుడే చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగినదంతా ఇద్దరు ముసలివాళ్ళు షాపులవాళ్ళతో పెట్టుకున్న తగాదాలాగానే కనిపిస్తుంది. అన్నయ్యకు పద్నాలుగో ఏట నుంచి ఫిట్స్ ఉన్నాయి. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. అవి వేసుకున్నంత కాలం ఏమీ లేదు. చాలా ఏళ్ళుగా రాలేదు కూడా. కానీ పెళ్ళప్పుడు ఈ మాట అటువాళ్ళకు చెప్పలేదు. పెళ్ళయిన రెండో నెలలో వదినకు తెలిసింది. ఆమె కూడా పుట్టింట్లో చెప్పలేదు. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో అన్నయ్య బావి దగ్గరికి పోడు, సైకిలెక్కడు, ఎత్తయిన చోట నిలబడడు. బామ్మర్దులంతా ఆయన్ని పిరికి బావ అని ఆటపట్టిస్తారు. ఆయన నవ్వుతాడు. అన్నయ్యను అడిగే ఇది రాస్తున్నాను.

ఆత్మకూరు: లాడ్జి

ఆదివారం మధ్యాహ్నానికి ఆత్మకూరు చేరాం. ఎండ మాడ్చేస్తోంది. బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జి చూసుకుని రెండు గదులు అడిగాం.

"ఇద్దరి కార్డులూ కావాల మా," అన్నాడు కౌంటరులో మనిషి. "మీ ఇద్దరూ ఏమవుతారు?"

"అన్నాచెల్లెళ్ళం."

ఆయన మమ్మల్ని కాసేపు తేరిపార చూశాడు. "అన్నాచెల్లెళ్ళని యాడన్నా రాసి ఉండాదా?"

అరవై దాటిన నేను, నిండా నెరిసిన మా అన్నయ్య. మా ఇద్దరి ముక్కులూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఇంకేం రాసి ఉండాలో నాకు అర్థం కాలేదు. నా కార్డు తీసి బల్ల మీద పెట్టాను. అన్నయ్య భుజం తడుముకున్నాడు. తర్వాత రెండో భుజం తడుముకున్నాడు. కార్డు అడిగితే గానీ తెలియలేదు, చిన్న చేతిసంచీ లేదని. రైల్లో కిటికీ పక్కన కొక్కేనికి తగిలించి, జాగ్రత్తగా కళ్ళెదురుగా ఉంటుందని మురిసిపోయి, నెల్లూరు రాగానే పెద్ద పెట్టెలు లెక్కపెట్టుకుని దిగిపోయాం. ఆ సంచీలో కార్డు ఉంది. మాత్రలూ ఉన్నాయి.

లాడ్జి మనిషి సణుక్కుంటూనే నా ఒక్క కార్డుతో సరిపెట్టుకున్నాడు. అన్నయ్య గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. సంచీ పోయిందని కూడా అనలేదు. "రాత్రి మాత్ర ఎట్లా?" అన్నాడు అంతే.

ఆత్మకూరు: అద్దం మీద కాగితం

బెంగళూరులో ఉన్న అన్నయ్య కొడుక్కి ఫోన్ చేశాను. డాక్టరు చీటీ ఫోటో వాడి దగ్గర ఉంది, వెంటనే పంపాడు. ఇక పనైపోయినట్టే అనుకున్నాను. ఆదివారం కావడంతో సగం షాపులు మూసి ఉన్నాయి, క్లినిక్కుల్లో డాక్టర్లు లేరు. తెరిచి ఉన్న రెండు మూడింటిలో ఒక్క దాంట్లోనే ఆ మాత్ర ఉంది.

నడివయసు షాపాయన చీటీ చూశాడు. అరలోంచి మాత్రల అట్ట తీశాడు కూడా. బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి తీయకుండా, "కార్డు?" అన్నాడు.

"కార్డు రైల్లో పోయింది. చీటీ ఉందిగా."

ఆయన అద్దం మీద కాగితం చూపించాడు. పద్దెనిమిదేళ్ళు నిండినట్టు గుర్తింపు కార్డు చూపనిదే కొన్ని మందులు ఇవ్వబడవు అని రాసి ఉంది.

నాకు ముందు నవ్వొచ్చింది. "ఏమండీ, ఈయనకు పద్దెనిమిదేళ్ళు నిండలేదంటారా?"

ఆయనకు నవ్వు రాలేదు. "నాకు తెలీదా మా? కుర్రోళ్ళు ఈ మాత్రలు మత్తుకు మింగతా ఉండారు. ఆపీసర్లు వచ్చి పోయినారు. కార్డు లేకుండా ఇచ్చినామంటే షాపుకు సీలే. చీటీలో ఉండే పేరు, కార్డులో ఉండే పేరు ఒకటే కావాల."

"నా కార్డు రాసుకోండి."

"మీకు జబ్బు లేదు గదా మా."

ఆయన తప్పు కూడా లేదు, అదే నన్ను ఎక్కువ మండించింది. తిట్టడానికి ఎదురుగా ఒక దుర్మార్గుడుంటే ఎంత హాయి! ఈయన మాత్రం మంచివాడే. అన్నయ్యకు స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చాడు. నెరిసిన తల చూసి ఎండలో నిలబడలేడని తెలుసుకున్నవాడు, అదే తల చూసి వయసు మాత్రం తెలుసుకోకూడదు. మాత్రల అట్ట మళ్ళీ అరలోకి వెళ్ళిపోయింది.

కార్డు ఫోటో దొరుకుతుందేమో వెతకమని మళ్ళీ బెంగళూరుకు ఫోన్ చేశాను. వాడు ఎక్కడో పాత కంప్యూటరులోంచి తవ్వి తీసి పంపేసరికి దీపాలు పెట్టే వేళయింది. షాపు దగ్గరికి పరుగెత్తితే షట్టరు దించి ఉంది. సోమశిల మాట ఇద్దరం ఎత్తలేదు.

పక్క హోటల్లో దోసెలు తిన్నాం. నెల్లూరువాళ్ళ ఎర్రకారం దోసె గురించి చీరాలలో గొప్పగా చెప్పుకుంటాం. ఇక్కడ దాని మీద పప్పుల పొడి కూడా చల్లి, పక్కన పల్చటి చట్నీ గిన్నెతో పెడతారు. ధర మా ఊరికన్నా తక్కువే. రుచి చెప్పమంటే మాత్రం చెప్పలేను. అన్నయ్య సగం దోసె వదిలేసి నీళ్ళు తాగాడు. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని పొద్దున కళ్ళు చూస్తేనే తెలిసింది. ఆ జబ్బున్నవాళ్ళకు మాత్ర లేకపోవడం ఒక ముప్పు, నిద్ర లేకపోవడం ఇంకో ముప్పు.

బస్సులో చేజర్ల ఆవిడ

సోమవారం ఉదయం షాపు తెరిచేదాకా ఆగుదామన్నాను. "ఉదయగిరిదీ పెద్ద బజారే, అక్కడ దొరకదా?" అని అన్నయ్య మొదటి బస్సే ఎక్కించాడు. ఒక చోట కూర్చుంటే భయం వేస్తుందేమో, కదులుతూ ఉంటే ఏదో చేస్తున్నట్టుంటుంది.

నా పక్కన చేజర్ల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. ఉదయగిరిలో ఉన్న కూతురింటికి పోతోంది. ఉడకబెట్టిన శనక్కాయలు ఒడిలో పోసుకుని, నా ఒళ్ళోనూ రెండు గుప్పిళ్ళు పోసింది. మా వైపు బస్సులో పక్కవాళ్ళకు పెట్టేముందు తింటారా అని అడుగుతాం. ఇక్కడ అడగడం లేదు, పోసెయ్యడమే.

ఎక్కడికి, ఎందుకు అని ఆవిడే అడిగింది. నేను జబ్బు మాట ఎత్తకుండా, మందుల షాపువాడు కార్డు అడిగాడని మాత్రం చెప్పాను. అంతే, ఆవిడకు ఊపు వచ్చింది.

"నా కత యినుమా నువ్వు. యూరియాకు పోతే మిషను మీద వేలు పెట్టమన్నాడు. పెట్టినా. పడలా. ఇంకో వేలన్నాడు. అదీ పడలా. పది వేళ్ళూ పెట్టినా. పొలం పని చేసిన చేతుల్లో గీతలు యాడుంటాయి? నలభై ఏండ్ల నుంచి ఆ అంగట్లోనే కొంటా ఉండా. వాడి పెండ్లికి పోయి అక్షింతలేసొచ్చినా. ఎదురుగా కూచోని నాతో మాట్లాడతా ఉండాడు, అవ్వా అంటా ఉండాడు. నేను నేనేనని మిషను చెప్పాలంట!"

"ఇంతకీ ఇచ్చాడా?"

"కొడుకును పంపీ అవ్వా అన్నాడు. కొడుకు పొయ్యి రెండేండ్లాయె." ఆవిడ కాసేపు శనక్కాయలు వొలిచింది. "వానికీ తెల్సు ఆ సంగతి. నోటికొచ్చేసినాది, పాపం."

మెట్ట పొలాలు, రాళ్ళగుట్టలు, మధ్య మధ్య పచ్చగా కనిపించే బోరుబావుల కింది మళ్ళు వెనక్కి పోతున్నాయి. అన్నయ్య ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

ఉదయగిరి: కొండ కింద

కొండ ఊరి మీదికి ఒరిగినట్టుంటుంది. బస్సు దిగి తల ఎత్తితే నిలువునా రాయి, పైన ఎక్కడో గోడ ముక్కలు. ఇంత దగ్గరగా ఉన్న కొండను అన్నయ్య నలభై ఏళ్ళుగా కిందినుంచే చూశాడు.

"మోకాళ్ళ నొప్పులని చెప్పేవాణ్ణి," అన్నాడు. "ఇరవై ఎనిమిదో ఏట మొదలుపెట్టాను ఆ నొప్పులు. ఈసారి నువ్వు పక్కన ఉంటావు, నిదానంగా ఎక్కుదామనుకున్నా."

"మాత్ర దొరకనీ, ఎక్కుదాం."

"ఇప్పుడు మోకాళ్ళు నిజంగానే నొప్పులులే," అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

బజారు సెంటరుకు రాగానే ఇద్దరం ఆగిపోయాం. నాలుగు రోడ్లు కలిసే చోట నిలువెత్తు ఫ్లెక్సీ. "గృహప్రవేశ మహోత్సవానికి విచ్చేయుచున్న బంధుమిత్రులకు సుస్వాగతం" అని అక్షరాలు. మధ్యలో మాలకొండారెడ్డి దంపతులు, వెనక కొత్త ఇల్లు, చుట్టూ గుండ్రటి చట్రాల్లో బంధువుల ముఖాలు. మా వైపు పెళ్ళికి ఫ్లెక్సీ కట్టినా వధూవరులతో ఆగుతాం. ఇక్కడ అలా కాదు. బావ ఫోటో లేకపోతే బావను అవమానించినట్టే. కుడివైపు పైన, అందరికన్నా పెద్ద గుండ్రంలో మా అన్నయ్య. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫోటోకు చలవ కళ్ళద్దాలు కూడా పెట్టించారు. కింద పేరు, పక్కన పెద్ద బావగారు అని హోదా.

ఆత్మకూరులో నువ్వెవరో రుజువు చూపించు అన్నారు. ఇక్కడ రుజువు నాలుగు రోడ్ల కూడలిలో వేలాడుతోంది.

ఉదయగిరి: శెట్టిగారి షాపు

ఫ్లెక్సీకి ఎదురుగానే మందుల షాపు. శెట్టిగారని అందరూ పిలిచే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఇక్కడా అద్దం మీద అదే కాగితం. ఆత్మకూరులో నాకు బుద్ధొచ్చింది కదా, ఈసారి ఎవరూ అడక్కముందే, మందు పేరైనా చెప్పకముందే, ఫోన్లో కార్డు ఫోటో తెరిచి ఆయన ముందు పెట్టాను. "ఇదిగోనండీ కార్డు. చూసుకోండి, పద్దెనిమిదేళ్ళు ఎప్పుడో నిండాయి," అన్నాను కాస్త వెటకారంగానే.

ఆయన పుట్టిన తేదీ వైపు కూడా చూడలేదు. పేరు చదివాడు. తల ఎత్తి మెట్టు మీద నిలబడ్డ అన్నయ్యను చూశాడు. రోడ్డు అవతల ఫ్లెక్సీ చూశాడు. ఆయన ముఖం వికసించింది.

"అయ్యయ్యో, మీరు మా మాలకొండారెడ్డి బావగారు గదా! మూడు దినాల్నించి మా అంగడికి ఎదురుగానే ఉండారు మీరు! రండి, లోపలికి రండి. రేపు తెల్లవారి మేమందరం వస్తా ఉండాం. చెప్పండి, ఏం కావాల? మందులు ఎవురికి?"

నేను చీటీ ఫోటో తీయబోయాను. అన్నయ్య రెండంగల్లో వచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"తలనొప్పి మాత్ర," అన్నాడు. "నాకే. ఎండకు."

శెట్టిగారు డబ్బులు తీసుకోలేదు. పైగా ఎవరినో కేకేసి సోడాలు తెప్పించాడు. వయసు రుజువని నేను చూపించిన కార్డులో ఆయన చూసింది పేరు, ఊరు, చుట్టరికం. తప్పు నాదే. నోరు మూసుకుని చీటీ ముందు పెట్టి ఉంటే, ఆయన పేరు చూడకుండానే మాత్రలు తీసేవాడేమో. పది నిమిషాలు కూర్చుని సోడా తాగి, తలనొప్పి మాత్రలు జేబులో వేసుకుని బయటకు వచ్చాం.

ప్రభుత్వాసుపత్రికి పోదామన్నాను. "ఓపీలో పేరు పెట్టి కేకేస్తారు. అక్కడ మీ వదిన పిన్ని కూతురు నర్సు," అన్నాడు. ఆ ఊళ్ళో ఎటు చూసినా చుట్టాలే. తెలిసిన చోట అడగలేం, తెలియని చోట ఇవ్వరు. ఈ రెండింటి మధ్య మేము పోవడానికి మూడో చోటు లేదు.

వదిన వాళ్ళ ఊరు

కొత్త ఇంటి ముందు పందిరి, గడపకు పసుపు, రంగు వాసన. మాలకొండారెడ్డి ఎదురొచ్చి, "ఏం బావా, కోట ఎక్కినావా ఈసారన్నా? లేకపోతే ఈ తూరీ మోకాళ్ళేనా?" అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు. అన్నయ్యా నవ్వాడు. మాలకొండారెడ్డి నడుముకు కొత్త ఇంటి తాళాల గుత్తి వేలాడుతోంది. ప్రతి గది తలుపు తెరిచి, గచ్చు ఎక్కడిది, కిటికీ చెక్క ఎక్కడిది అని బావకు చూపించాడు. ఆటపట్టిస్తాడు గానీ ఆయనకు అన్నయ్యంటే ప్రాణం.

భోజనాల్లో సంగటి ముద్దలు, శనక్కాయల పచ్చడి, నాటుకోడి పులుసు వడ్డించారు. సంగటి కొరకకుండా మింగాలని నాకు నేర్పించాలని ఒక అవ్వ పక్కనే కూర్చుంది. అన్నయ్య వేళ్ళు ముద్దలో అలాగే ఆగిపోయి ఉన్నాయి. వదిన అటు వంట చూస్తూనే ఇటు ఆయన్ని చూస్తోంది. చెయ్యి కడుక్కునే నెపంతో నన్ను దొడ్లోకి పిలిచింది.

"సుజాతా, మాత్ర వేసుకోలేదా ఏంది మీ అన్న?"

చెప్పాను. ఆమె గోడకు చెయ్యి ఆనించింది.

"తెల్లవారి మూడొందల మంది వస్తారు. పాలు పొంగే వేళకు నా పక్కన పీట మీద కూచోవాల మీ అన్న. ఆడ గాని వస్తే..." ఆమె మాట మింగేసింది. "కొత్తింట్లో అపశకునమంటారు. మా తమ్ముడి ముఖం నేనెట్ట చూసేది? నలభై ఏండ్లు దాచినా సుజాతా. మా అమ్మ పోయేటప్పుడన్నా చెప్దామనుకుని, అప్పుడూ దాచినా."

ఇంక ఆ రోజు మా ముందున్న పని ఒక్కటే, తెల్లవారేలోపు ఒక్క మాత్ర. బంధువులకు పంచడానికి ఉదయగిరి చెక్క చెంచాలు కొనుక్కొస్తామని పందిట్లో చెప్పి, సాయంత్రం అన్నయ్యా నేనూ ఆటో ఎక్కాం. నేనొక్కదాన్నే వెళతానన్నాను. "నా ముఖం చూస్తేనన్నా నమ్ముతారు," అని ఆయనే బయల్దేరాడు.

మళ్ళీ ఉదయగిరి

చెంచాలు నిజంగానే కొన్నాం. కొండ మీది చెక్కతో చెక్కుతారట. పిడి మీద చిలక, తీగ, చేప. చిన్నది అరవై, పెద్దది నూట ఇరవై. అమ్మే ఆవిడ ఒక్కొక్కటీ కొంగుతో తుడిచి ఇచ్చింది. అన్నయ్య ఒక చెంచా పిడి మీది గీతలను డ్రాయింగ్ మాస్టారులా వేలితో తడిమి చూశాడు. ఆ రోజంతా ఆయన ముఖం మామూలుగా ఉన్నది ఆ కాసేపే.

ఫ్లెక్సీ కనబడని షాపు వెతుక్కుంటూ బస్టాండు వెనక సందులోకి వెళ్ళాం. అక్కడొక కొత్త షాపు. గాజు తలుపు, బిల్లు మిషను, కౌంటరులో ముప్ఫై ఏళ్ళ యజమాని. వేరే ఊరి నుంచి వచ్చి పెట్టుకున్నాడట, మేమెవరో తెలియదు. నా గుండె కాస్త కుదుటపడింది.

చీటీ చూపించాను. మాత్ర ఉందన్నాడు. "కార్డు మేడం."

ఫోన్లో ఫోటో చూపించాను.

"ఒరిజినల్ కావాల మేడం. ఫోటోలు యెవరివన్నా తెస్తా ఉండారు."

"పోయిందయ్యా. ఆ ఫోటోలో ఉన్న మనిషి ఇడుగో, నీ ఎదురుగా ఉన్నాడు. సరిపోల్చుకో."

"సరే మేడం, ఆయనే. కానీ ఏజ్ ప్రూఫ్ ఒరిజినల్ చూసినామని టిక్కు పెడితే గాని బిల్లు రాదు. పద్దెనిమిది నిండినట్టు..."

అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులుగా మింగినదంతా బయటకు వచ్చింది. "కళ్ళున్నాయా నీకు? ఆ తల చూడు! ఆ చేతులు చూడు! మీ నాన్నకన్నా పెద్దాయన. ఇద్దరు పిల్లలకు పెళ్ళిళ్ళు చేసిన మనిషి పద్దెనిమిదేళ్ళు నిండాయని నీకు రుజువు చూపించాలా? ఒక్క మాత్ర ఇవ్వవయ్యా, అట్ట వద్దు, ఒక్కటి కత్తిరించి ఇవ్వు!"

"నన్నెందుకు అరస్తా ఉండారు మేడం? నాకు కనపడతా ఉండాది. నాకు కనపడితే చాలదు."

వెనక ముగ్గురు నలుగురు గిరాకీలు చేరారు. ఒకాయన, "ఇచ్చి పంపబ్బా, పెద్దాయన," అన్నాడు. ఇంకొకాయన, "రూలంటే రూలే గదా," అన్నాడు. ఏం మాత్రలని ఒకావిడ పక్కామెను అడిగింది. నేను వాళ్ళవైపు తిరిగి మాట్లాడుతున్నాను. అన్నయ్యను చూడటం మానేశాను. నా చేతిలో చెంచాల పొట్లం జారి కిందపడిన చప్పుడుకు అటు తిరిగాను. అది దానంతటది జారలేదు, అన్నయ్య నా చెయ్యి పట్టుకోబోతే పడింది.

అప్పటికే ఆయన కళ్ళు పైకి పోయాయి. గాజు కౌంటరుకు కొట్టుకుని నేల మీద పడ్డాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి.

షాపతను కౌంటరు మీదినుంచి దూకి వచ్చాడు. అన్నయ్యను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద తన తువ్వాలు పెట్టాడు. "నోట్లో ఏం పెట్టొద్దు, ఎవురూ పట్టుకోవద్దు," అని అందరినీ ఆపాడు. "తాళాలు! చేతిలో ఇనుము పెట్టండి!" అని జనం అరుస్తున్నారు. తాళాలతో ఏమీ కాదని నాకు యాభై ఏళ్ళుగా తెలుసు. అయినా ప్రతిసారీ ఎవరో ఒకరు అరుస్తారు, ఎవరో ఒకరు పెడతారు.

"ఈయన సెంటరు ఫ్లెక్సీలో ఉండే మాలకొండారెడ్డి బావ గదా!" అని ఒక గొంతు వినిపించింది. ఆ తర్వాత ఎవరు ఫోన్ చేశారో తెలియదు. పూల కోసం ఊళ్ళోకే వచ్చి ఉన్నాడట, మాలకొండారెడ్డి జనాన్ని తోసుకుంటూ వచ్చేశాడు. బావను చూశాడు. మోకాళ్ళ మీద కూలబడి, నడుముకున్న తాళాల గుత్తి ఊడదీసి, అన్నయ్య గుప్పిట్లో పెట్టి, తన రెండు చేతులతో ఆ గుప్పిట మూసి పట్టుకున్నాడు. అలా ఏడుస్తూ కూర్చున్నాడు.

కొట్టుకోవడం ఆగింది. షాపతను మాత్రల అట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. మిషను వైపు వెళ్ళలేదు, పుట్టిన తేదీ అడగలేదు. "తెలివొచ్చి నీళ్ళు తాగగలిగినాకే ఇయ్యండి మా," అన్నాడు తల వంచుకుని. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అన్నయ్య కళ్ళు తెరిచేసరికి చాలాసేపు పట్టింది. ముందు కప్పు వైపు చూశాడు, తర్వాత నా వైపు. "ఎవరెవరు చూశారు?" అన్నాడు.

షాపు నిండా మనుషులు. గాజు తలుపు అవతల ఇంకా మనుషులు. "ఎవరూ లేరు అన్నయ్యా," అన్నాను.

మాలకొండారెడ్డి ఆ మాట విన్నాడు. చప్పుడు చేయకుండా లేచి, వెనక్కి నడిచి, జనాన్ని చేతులతోనే పంపించేస్తూ తానూ సందులోకి తప్పుకున్నాడు. కానీ అన్నయ్య అప్పటికే గుప్పిట తెరిచి చూసుకున్నాడు. ఆ తాళాలతో పొద్దున ఒక్కొక్క గదీ తెరిచి చూపించింది ఆయనకే కదా. కాసేపు వాటిని అలాగే చూసి నా చేతిలో పెట్టాడు.

"ఇచ్చెయ్యి," అన్నాడు. "నేను ఆ ఇంటికి రాను."

మాలకొండారెడ్డి వచ్చి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "బావా, ఏమయినాదని బావా? జబ్బు ఎవురికి రాదు?" అన్నాడు. అన్నయ్య ఆయన భుజం తట్టాడు గానీ ముఖం వైపు చూడలేదు. కారులో నెల్లూరు దాకా పంపుతానంటే దానికి మాత్రం ఒప్పుకున్నాడు. వదినకు ఫోన్ చేసి చెప్పాల్సిన పని నా మీద పడింది. ఆమె అంతా విని, "పాలు పొంగించి వస్తా," అంది.

చీరాల

తెల్లవారాక ఇంటికి చేరాం. అన్నయ్య మాత్ర వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పటి నుంచి ఆ వైపు ప్రయాణం మాటెత్తితే లేచి వేరే గదిలోకి వెళ్ళిపోతున్నాడు. మాలకొండారెడ్డి ఫోన్ చేస్తే స్నానానికి వెళ్ళాడని చెప్పమంటాడు. ఇది చదివి ఆ వైపు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది, మాత్రలూ కార్డులూ ఒకే సంచీలో పెట్టుకోవద్దని. అంతకన్నా గొప్ప సంగతి ఏదీ నేను తెలుసుకుని రాలేదు.

గృహప్రవేశం అయిపోయిన రోజు మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. పాలు బాగానే పొంగాయట. పక్క పీట ఖాళీగానే ఉంచారట. శెట్టిగారూ, నర్సు చెల్లెలూ, ఊరంతా వచ్చి భోంచేసి వెళ్ళారట.

"అన్నయ్య ఏడని అడిగితే ఏం చెప్పావు వదినా?" అన్నాను.

"మూడొందల మంది వచ్చినారు సుజాతా," అంది. "ఒక్కరూ అడగలా."